ఉత్తర సామీలో పెద్దనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని: వరసలు అచ్చం మనలాగే ఉన్నాయేంటి?

ట్రామ్సో_తెలుగు

ఇక్కడ నార్వేలో, మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది ఉత్తరాన కారాషోక్ వైపు. సామీ ఆవిడ (సామీలంటే ఉత్తర ఐరోపా మూలవాసులు), రెయిన్‌డీర్లు పెంచే కుటుంబం. మొన్న వాళ్ళ అన్న కూతురి బాప్టిజం ఫోటోలు ఫోన్లో చూపించింది. అందరూ నీలం, ఎరుపు గాక్తీల్లో ఉన్నారు (గాక్తి అంటే వాళ్ళ సంప్రదాయ దుస్తులు). ఆడవాళ్ళ గుండెల మీద గుండ్రటి వెండి రిస్కులు (రిస్కు అంటే బట్టకు గుచ్చుకునే బ్రూచి). ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, పాప చుట్టూ నిలబడ్డవాళ్ళు పాపకు ఏమవుతారో ఒక్కొక్కరినీ చూపిస్తూ చెప్పింది:

ఎఅహ్కి: నాన్నకు అన్న
చెఅహ్ౘి: నాన్నకు తమ్ముడు
సియెస్సా: నాన్నకు అక్కైనా చెల్లెలైనా (అంటే మా ఆఫీసావిడే)
గొఅస్కి: అమ్మకు అక్క
ముఒత్థా: అమ్మకు చెల్లెలు
ఎఅను: అమ్మ తోడబుట్టినవాడు

నాకు నోట మాట రాలేదు. పెద్దనాన్న, బాబాయి, మేనత్త, పెద్దమ్మ, పిన్ని, మేనమామ. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. పైగా మేనత్తకీ మేనమామకీ మనం పెద్దా చిన్నా తేడా పెట్టం కదా, వాళ్ళూ పెట్టరు. నార్వేజియన్‌లో ఓంకెల్, తాంతె అనే రెండు ముక్కలతో సరిపెట్టేస్తారు. పక్కపక్కనే వందల ఏళ్ళుగా ఉన్న భాషతో కలవనిది మన భాషతో ఎలా కలిసింది? ఇక్కడ భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు ఉన్నారుగా, చెప్పండి.

గోదావరి_గట్టు

భలే ఉంది. ఆ రెండో మాటలో ౘ పెట్టారేంటి? అచ్చుతప్పా, కావాలనే పెట్టారా? తాతయ్య, అమ్మమ్మల సంగతి కూడా చెప్పండి. మనకు అమ్మమ్మ వేరు, నానమ్మ వేరు.

ట్రామ్సో_తెలుగు

కావాలనే పెట్టానండీ. ఆ మాటలో రెండు చకారాలున్నాయి. మొదటిది ‘చిలుక’లో చ, రెండోది ‘ౘాప’లో ౘ. నేను ఒక్కసారి అనగానే ఆవిడ నవ్వి, ఎక్కడ నేర్చుకున్నావంది. బళ్ళో మానేసిన అక్షరం ఇక్కడికొచ్చి పనికొచ్చింది.

తాతల దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. తాత ఎటువైపు వాడైనా ఆజ్జా, అవ్వ ఎటువైపైనా ఆహ్కు. నార్వే, స్వీడన్ వాళ్ళకేమో నాన్న నాన్న వేరు, అమ్మ నాన్న వేరు: ఫార్‌ఫార్, మోర్‌ఫార్. మనం మధ్యలో ఉన్నాం. తాతయ్య ఇద్దరికీ ఒకటే, అవ్వల దగ్గర విడదీస్తాం.

ముత్తవ్వను మాత్తరాహ్కు అంటారు. ముందున్న ‘మాత్తర్’ పూర్వీకుల్ని చెప్పే ముక్క. వాళ్ళ పాత మతంలో పెద్ద తల్లి దేవత పేరు మాత్తరాహ్కా, ఆమె కూతుళ్ళలో సారాహ్కా పురుళ్ళు పోసే దేవత. ‘ఆహ్కా’ అంటే పెద్ద ఆడమనిషి.

పాత_పుస్తకాలు

నేను ఎప్పట్నుంచో చెబుతున్నదే ఇది. 1856లోనే, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్వెల్, ద్రావిడ భాషలకూ, ఫిన్నిష్ లాంటి భాషలకూ చుట్టరికం ఉందని రాశాడు. ఆయన దాన్ని ‘సిథియన్’ కుటుంబం అన్నాడు. సామీ కూడా ఫిన్నిష్ వర్గమే కదా. ఇప్పుడు ‘ఆజ్జా’ చూడండి: కన్నడంలో తాతను అజ్జ అంటారు, అవ్వను అజ్జి అంటారు. ఇంతకంటే ఏం కావాలి? ఆరు వరసలకు ఆరూ కలిశాయి, తాత పేరు కూడా కలిసింది. ఇంకా కాకతాళీయం అంటారా?

మాటలమూట

అంటానండీ. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆజ్జా. ఈ మాటకు ఫిన్నిష్‌లో తోబుట్టువు ఉంది, అది ‘ఐయా’. ముసలాయన, పెద్దమనిషి అని అర్థం. అంటే పాత మాటలో ఉన్నది యకారం, సామీలో అది బిగిసి జ్జ లాగా వినిపిస్తోంది. కన్నడ అజ్జతో పోలిక ఈనాటి ఉచ్చారణ వరకే. ఈ దారిన వెళ్తే రేపు మన ‘అయ్య’ను ఫిన్నిష్ ఐయాతో కలుపుతారు, ఎల్లుండి ఇంకోటి. అమ్మ, అయ్య, అవ్వ లాంటి చంటిపిల్లల నోటి మాటలు లోకమంతా ఒకేలా మోగుతాయి, వాటితో చుట్టరికాలు కట్టలేం.

రెండోది, కాల్డ్వెల్ మాట. ద్రావిడ భాషలు, ఊరాలిక్ భాషలు (సామీ, ఫిన్నిష్, హంగేరియన్ ఉన్న కుటుంబం) ఒకే తల్లి పిల్లలని ఆయన తర్వాత కూడా కొందరు వాదించారు. నిలబడలేదు. ఆ రెంటి మధ్య క్రమం తప్పని ధ్వని సంబంధాల పట్టికను అందరూ ఒప్పుకునేలా ఎవరూ చూపించలేకపోయారు. అదే సామీకీ ఫిన్నిష్‌కీ మధ్య చూడండి, ఎంత తేలిగ్గా కలుస్తాయో: సామీ ఎఅను, ఫిన్నిష్ ఎనొ, రెండూ మేనమామే. సామీ చెఅహ్ౘి, ఫిన్నిష్ సెతా. ఫిన్నిష్‌లో చిన్నా పెద్దా తేడా చెరిగిపోయి సెతా అంటే నాన్న అన్నదమ్ముల్లో ఎవరైనా సరే.

మూడోది, అసలుది. వరసల గళ్ళు కలిసినంత మాత్రాన లెక్క కలిసినట్టు కాదు. ఒక చిన్న పరీక్ష పెట్టండి: సామీలో పిల్లనిచ్చిన మామను ఏమంటారు?

ఓరుగల్లు_పోరడు

ఎఅను అనరా? మామ మామే గదా 😀

మాటలమూట

అక్కడే ఉంది కీలకం. అనరు. మేనమామ ఎఅను, పిల్లనిచ్చిన మామ వుఒహ్ప. ఒకదానికీ ఒకదానికీ సంబంధం లేదు. మేనత్త సియెస్సా, అత్తగారిది వేరే మాట. కూతురి మొగుడు వివ్వ. మగవాడికి అక్కచెల్లెళ్ళ బిడ్డ నెఅహ్పి, ఆడైనా మగైనా.

మన దగ్గర చూడండి. మామ అన్న ఒక్క మాట అమ్మ తమ్ముడికీ, మేనత్త మొగుడికీ, పెళ్ళాం తండ్రికీ సరిపోతుంది. అత్త కూడా అంతే. అల్లుడికి ముందు ‘మేన’ తగిలిస్తే మేనల్లుడు, కోడలికి తగిలిస్తే మేనకోడలు. ఎందుకంటే మన వరసలన్నీ మేనరికం చుట్టూ అల్లుకున్నవి. మేనమామ కొడుకు బావ అవుతాడు, పెద్దనాన్న కొడుకు అన్న అవుతాడు. ఒకరు పెళ్ళికి పనికొస్తారు, ఇంకొకరు పనికిరారు. అమ్మ వైపు, నాన్న వైపు అని మనం విడదీస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి విడదీసేది ఇచ్చిపుచ్చుకునేవాళ్ళనీ సొంతవాళ్ళనీ. పెద్దనాన్న భార్య పెద్దమ్మే కావడం, అమ్మ అక్క కూడా పెద్దమ్మే కావడం అందుకే. సామీలో గొఅస్కి అంటే అమ్మ అక్క మాత్రమే, ఎఅహ్కి భార్యకు ఆ పేరు రాదు.

ఓరుగల్లు_పోరడు

అంటే వాళ్ళకు బావామరదళ్ళ సరసాలు లేవా? పాపం. మరి మేనత్త పిల్లల్ని, పెద్దనాన్న పిల్లల్ని ఏమని పిలుస్తరు?

ట్రామ్సో_తెలుగు

అందరికీ ఒకటే. మగైతే విల్‌బెఅల్లి, ఆడైతే ఒఅర్‌బెఅల్లి. ‘బెఅల్లి’ అంటే సగం. ముందున్నవి అన్నదమ్ముడు, అక్కచెల్లెలు అనే మాటల ముక్కలు. సగం అన్న, సగం అక్క అన్నమాట. మేనత్త కొడుకైనా, చిన్నాన్న కొడుకైనా సగమే. నేను మా బావ సంగతి, ‘మరదలు’ సంగతి చెబితే ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టేసి, “ఆగు, ఆగు, మళ్ళీ మొదట్నుంచి చెప్పు” అంది. కాగితం మీద బొమ్మ గీయాల్సి వచ్చింది.

జేజి_మనవడు

మా అనంతపురంలో నానమ్మను జేజి అంటాం, అందుకే ఈ పేరు. నా అనుమానం వేరు. మనకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు నాలుగు మాటలున్నాయి. అమ్మానాన్నల తోబుట్టువుల్లో పెద్దా చిన్నా చూసే సామీ వాళ్ళు సొంత తోబుట్టువుల్లో కూడా చూడాలి కదా?

మాటలమూట

చూడరు! అదే విచిత్రం. ఉత్తర సామీలో వియెల్య అంటే అన్నైనా తమ్ముడైనా, ఒఅబ్బా అంటే అక్కైనా చెల్లెలైనా. చెప్పాల్సి వస్తే ముందు ‘పెద్ద’, ‘చిన్న’ తగిలిస్తారు. కానీ అమ్మ తోబుట్టువుల దగ్గరికి వచ్చేసరికి గొఅస్కి, ముఒత్థా అని రెండు విడి మాటలు. ఊరాలిక్‌లోనే ఇంకో మూలనున్న హంగేరియన్‌లో దీనికి ఎదురు: అక్కడ అన్నకో మాట, తమ్ముడికో మాట, అక్కకో మాట, చెల్లెలికో మాట, మనలాగే నాలుగు. కాబట్టి పెద్దా చిన్నా చూడటం ఏ ఒక్క భాషా కుటుంబం సొత్తూ కాదు. తోబుట్టువుల వయసు లెక్కపెట్టే భాషలు ప్రపంచంలో బోలెడు.

స్వీడన్_కోడలు

ఒక చిన్న మాట. పై పోస్టుల్లో కొన్నిచోట్ల ‘సామీ’ అని ఊరికే అంటున్నారు, అది ఒక భాష కాదు. ఇప్పుడు మాట్లాడేవి తొమ్మిది అని లెక్క చెబుతారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలోని కోలా ద్వీపకల్పం దాకా పరుచుకుని ఉన్నాయి. మీరు రాసినవన్నీ ఉత్తర సామీ మాటలు, మాట్లాడేవాళ్ళు ఎక్కువ మంది ఉన్నది దానికే, ఇరవై వేల పైచిలుకు. ఇనారి, స్కోల్ట్ సామీలకు కొన్ని వందల మందే. అక్కలా సామీ మాట్లాడే ఆఖరి మనిషి 2003 డిసెంబరులో పోయారు.

ఉత్తర సామీలో అమ్మ ‘ఎఅద్ని’, నాన్న ‘ఆహ్చి’. ఇనారిలో ‘ఎన్ని’, ‘ఏచి’, అవే మాటలని తెలిసిపోతుంది. దక్షిణ సామీకి వస్తే నాన్న ‘ఏహ్చియె’, సరే, కానీ అమ్మ ‘చిడ్చియె’. ఎక్కడి ఎఅద్ని, ఎక్కడి చిడ్చియె! ఉత్తర సామీవాడు, దక్షిణ సామీవాడు ఎదురుపడితే చాలాసార్లు నార్వేజియనో స్వీడిషో ఆసరా కావాల్సిందే.

ఇంకోటి. నార్వేలో ఓంకెల్, తాంతె తప్ప లేవన్నారు. మా స్వీడిష్‌లో ఇప్పటికీ నాన్న అన్నదమ్ముడు ఫార్‌బ్రూర్, అమ్మ అన్నదమ్ముడు మూర్‌బ్రూర్, నాన్న అక్కచెల్లెలు ఫాస్తెర్, అమ్మ అక్కచెల్లెలు మూస్తెర్. మా అత్తగారు ఎవరైనా వీటిని కలిపేస్తే ఊరుకోరు. పెద్దా చిన్నా మాత్రం లేదు.

గోదావరి_గట్టు

ఇవన్నీ అక్కడి పిల్లలు నిజంగా వాడుతున్నారా? మా ఇంట్లో పరిస్థితి చూస్తే అనుమానం. హైదరాబాదులో మా అబ్బాయికి పక్కింటావిడా ఆంటీయే, వాళ్ళ పిన్నీ ఆంటీయే. ‘పిన్ని అనరా’ అంటే ‘ఏ పిన్ని?’ అంటాడు. బాబాయి, కాక, చిన్నాయన... ఏ ప్రాంతపు మాటైనా ఫర్వాలేదు, ఏదో ఒకటి వస్తే చాలు.

ట్రామ్సో_తెలుగు

అదే ప్రశ్న నేనూ అడిగాను. కారాషోక్, కౌతొకైనొ లాంటి చోట సామీయే ఇంటి భాష, బడి భాష కూడా. అక్కడ పిల్లలు తడుముకోకుండా అంటారట. ఇక్కడ ట్రామ్సోలో, ఓస్లోలో పెరిగినవాళ్ళ నోట తాంతె, ఓంకెల్ చాలాసార్లు విన్నాను నేనే.

కానీ దీన్ని మన ఆంటీ, అంకుల్ గోలతో సమానంగా చూడలేం. మనం మన ఇష్టంతో వదిలేస్తున్నాం. వాళ్ళతో బలవంతంగా వదిలించారు. 19వ శతాబ్దం నడిమి నుంచి దాదాపు వందేళ్ళు, నార్వే ప్రభుత్వం సామీ పిల్లల్ని నార్వేజియన్లుగా మార్చడాన్ని విధానంగా పెట్టుకుంది. దూరాల నుంచి పిల్లల్ని తెచ్చి హాస్టల్ బడుల్లో ఉంచేవాళ్ళు, సామీ మాట్లాడితే ఊరుకునేవాళ్ళు కాదు. ఆ పిల్లలు పెద్దయి తమ పిల్లలతో నార్వేజియన్‌లోనే మాట్లాడారు, తాము పడ్డ బాధ వాళ్ళు పడకూడదని. నార్వే పార్లమెంటు వేసిన సత్య, సయోధ్య కమిషన్ 2023 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. మా ఆవిడ (ఆఫీసావిడ! మా ఇంటావిడ చదివితే కష్టం) వాళ్ళ అమ్మకు సామీ వచ్చు కానీ కడలి తీరపు ఊళ్ళో ఉన్న వాళ్ళ ముఒత్థాకు రాదట. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు, ఇద్దరూ వేర్వేరు బడులకు వెళ్ళారు.

స్వీడన్_కోడలు

ఫిన్లాండ్ వైపు ఇనారిలో జరిగింది చెప్పుకోవాలి. ఇనారి సామీకి పిల్లలన్న మాటే లేని రోజుల్లో, 1997లో, వాళ్ళ భాషా సంఘం ‘భాషా గూడు’ పెట్టింది. అంగన్‌వాడీ లాంటిదే, కానీ లోపల అడుగుపెట్టాక ఇనారి సామీ తప్ప ఇంకో మాట వినపడకూడదు. న్యూజీలాండ్‌లో మావొరీలు 1982లో మొదలుపెట్టిన పద్ధతి అది. పిల్లలకు మాట వచ్చింది, కానీ ఇంటికెళ్తే అమ్మానాన్నలకు రాదు. తాతలకు వచ్చు, మనవలకు వచ్చు, నడిమి తరం ఖాళీ. అందుకని 2009–10లో పని చేసే వయసు పెద్దవాళ్ళకు ఏడాది పాటు భాష నేర్పించారు. వాళ్ళను ముసలివాళ్ళ ఇళ్ళకు పంపి, వంట దగ్గర, వలల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించారు. టీచర్లు, విలేకరులు, పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఆ బ్యాచ్ నుంచి వచ్చారు.

పాత_పుస్తకాలు

భాషా గూళ్ళు బాగున్నాయి, నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 1871లో అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ వేసిన బంధుత్వ పట్టికల్లో తమిళం, తెలుగు, కన్నడం వరసలు ఉన్నాయి. అమెరికాలోని సెనెకా తెగ వరసలు తమిళంతో కలుస్తున్నాయని ఆయన ఆశ్చర్యపోయాడు. అంత దూరపువే కలిశాయంటే, సామీది కలవడం కాకతాళీయమేనా?

మాటలమూట

మీ ఉదాహరణే మీకు ఎదురు తిరిగింది సార్. మోర్గన్ ఆ పోలికను పట్టుకుని, అమెరికా తెగలు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇది రుజువన్నాడు. ఇప్పుడు ఆ రుజువును ఎవరూ పట్టించుకోరు. నాన్న వైపు, అమ్మ వైపు, ఆడ, మగ, పెద్ద, చిన్న: మనుషుల దగ్గర ఉన్న కొలబద్దలే ఇన్ని. వాటిని అటూ ఇటూ కలిపితే వచ్చే నమూనాలు మళ్ళీ మళ్ళీ కనబడతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే.

సామీలో నిజంగా మనకు లేనివి చూడాలంటే ఇటు చూడండి. వాళ్ళకు ద్వివచనం ఉంది. నేను, మేమిద్దరం, మేమంతా: మొన్, మొఅయ్, మీ. ‘నేనూ మా నాన్నా’ అనడానికి ‘మొఅయ్ ఆహ్చీన్’ అంటారు. అక్షరాలా చూస్తే ‘మేమిద్దరం నాన్నతో’. అందులో ‘నేను’ ఎక్కడా లేదు, ఆ ఇద్దరిలో రెండోవాడెవరో చెబితే చాలు. మనం తండ్రీకొడుకులు, అన్నదమ్ములు అని రెండు మాటలు జోడిస్తాం. వాళ్ళు ఒక్క మాటకే తోక తగిలిస్తారు: వియెల్య నుంచి వియెల్యజత్, అంటే ఒకరికొకరు అన్నదమ్ములయ్యేవాళ్ళు.

‘నా’ అనే ప్రత్యయం కూడా. ఉత్తర సామీలో అది మిగతా మాటల దగ్గర వాడుకలో తగ్గిపోయింది, బంధువుల పేర్ల దగ్గర మాత్రం గట్టిగా ఉంది. ఆహ్చి నాన్న, ఆహ్చాన్ మా నాన్న. ఇల్లు, కత్తి, పడవలకు లేని మన్నన చుట్టాలకు దక్కింది.

పాత_పుస్తకాలు

సరే, మోర్గన్‌ను వెనక్కి తీసుకుంటున్నా. కాల్డ్వెల్‌ను కాదు.

ఓరుగల్లు_పోరడు

ఇంత చదివినంక ఒకటే డౌటు. పాప బాప్టిజం అన్నరు గదా, ఇంతమంది చుట్టాలు వచ్చి ఊకె ఫోటో దిగి పోయిన్రా? మన దగ్గరైతే మేనమామ ఉంగరం పెట్టాలె.

ట్రామ్సో_తెలుగు

బాగా అడిగారు. మేనమామకని ప్రత్యేకం లేదుగానీ, రెయిన్‌డీర్ల కుటుంబాల్లో జ్ఞానస్నాన తల్లిదండ్రులు పాపకు రెయిన్‌డీరును ఇవ్వడం పాత ఆనవాయితీ. మొదటి పన్ను వచ్చినప్పుడు కూడా ఇస్తారు, ఆ పన్నును ముందు చూసినవాళ్ళ మీద పడుతుంది ఖర్చు. ఈ పాపకు ఇప్పటికే సొంత చెవి గుర్తు ఉంది. చెవి గుర్తంటే దూడ రెండు చెవుల అంచుల్లో కత్తితో కోసే గాట్లు. ఎక్కడ, ఎన్ని, ఏ ఆకారం అనేదాన్ని బట్టి అది ఎవరిదో తెలుస్తుంది. గుర్తును అధికారికంగా నమోదు చేయించాలి. ఇంట్లోవాళ్ళ గుర్తులు చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, నాన్న గుర్తుకు ఒక గాటు అటూ ఇటూ. మంద తోలుతున్నప్పుడు వందల దూడల మధ్య దూరం నుంచే చెవి చూసి “అది మా చెఅహ్ౘిది” అంటారట.

ఇంకో బంధుత్వం ఉంది, రక్తంతో పనిలేనిది. ఒకే పేరున్న ఇద్దరు ఒకరికొకరు గాయ్బ్మి. ఈ పాపకు వాళ్ళ ఆహ్కు పేరే పెట్టారు, కాబట్టి అవ్వామనవరాళ్ళు గాయ్బ్మీలు కూడా. ఫోటోలో పాపను ఎత్తుకున్నది ఆవిడే.

జేజి_మనవడు

జేజి పేరు మనవరాలికి పెట్టడం మాకూ ఉంది. ఆ తర్వాత కోడలు బిడ్డను పేరు పెట్టి తిట్టలేక ‘ఏమే చిన్నమ్మీ’ అని పిలవాల్సిందే 🙂

ఈ మాటలు ఎక్కడ వెతకాలో చెప్పండి.

ట్రామ్సో_తెలుగు

ట్రామ్సో యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ నిఘంటువు ఉంది, పేరు నేహత్తదిగిసానిత్, ఉచితం. మాట ఏ రూపంలో కొట్టినా అసలు మాట దగ్గరికి తీసుకెళ్తుంది. సామీలో విభక్తి మారితే మధ్యలో హల్లులు కూడా మారిపోతాయి, కాబట్టి ఇది లేకపోతే కష్టం. సామీ కీబోర్డు కూడా వాళ్ళే చేశారు, ఫోన్లో పెట్టుకోవచ్చు.

గోదావరి_గట్టు

వెతికాను. గొఅస్కి కొడితే నార్వేజియన్ వైపు ఒక్క మాట రాలేదు, ‘అమ్మకంటే పెద్దదైన అమ్మ తోబుట్టువు’ అని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది వాళ్ళకు.

ఓరుగల్లు_పోరడు

పెద్దమ్మను ఇంగ్లీషులో చెప్పమంటే నేనూ గంతే తిప్పలు పడ్డ, ఇంటర్వ్యూల.